జర్మనీలో ఆవిరి ఇంజన్లు ఆగిపోయినా మైనింగెన్ వర్క్‌షాపు ఎందుకు ఆగలేదు?

అడిగిన సంగతులు రెండు. జర్మనీలో ఆవిరి ఇంజన్లు మామూలు సర్వీసు నుంచి తప్పుకుని ఇన్నేళ్ళయినా, తురింగియా రాష్ట్రంలోని మైనింగెన్‌లో రైల్వే వాళ్ళ సొంత వర్క్‌షాపు ఇంకా వాటినే బాగుచేస్తూ ఎలా బతికింది? అక్కడ ఒక ఇంజనుకి పెద్ద ఓవరాలింగు అంటే అసలు ఏం చేస్తారు? పాత సంపద మీద జర్మన్లకున్న ప్రేమ అని చాలామంది మొదటి ప్రశ్నకి జవాబు చెప్తారు. అది పైపై మాట. అదే ప్రేమతో బతికేదయితే ఇంకో పది వర్క్‌షాపులు బతికుండాలి. మైనింగెన్‌ని నిలబెట్టింది అక్కడి బాయిలర్ షాపు. ఆ షాపుకి పని ఎందుకు తగ్గలేదో చెప్పుకుంటూ పోతే చరిత్ర అంతా వచ్చేస్తుంది.

మొదలు చిన్నదే. వెర్రా నది లోయలో 1858లో వెర్రా రైల్వే అనే ప్రైవేటు కంపెనీ లైను వేసింది. 1895లో ప్రష్యా ప్రభుత్వ రైల్వే దాన్ని కలుపుకుంది. మైనింగెన్ ప్రష్యా ఊరు కాదు, సాక్స్-మైనింగెన్ డ్యూకుల రాజధాని. అయినా పట్టాలు ప్రష్యావి కాబట్టి వర్క్‌షాపూ ప్రష్యాదే. ఊళ్ళో ఉన్న పాత మరమ్మతు షాపు చాలక పెద్ద స్థలంలో కొత్తది కట్టి 1914లో తెరిచారు. ఆ ఏడే యుద్ధం. 1920లో రాష్ట్రాల రైల్వేలన్నీ కలిసి రైక్స్‌బాన్ అయ్యాక, ఇలాంటి పెద్ద వర్క్‌షాపులన్నిటికీ 'రైక్స్‌బాన్ ఔస్‌బెస్సరుంగ్స్‌వెర్క్' అనే పొడవాటి పేరు పెట్టారు. రైల్వే వాళ్ళు దాన్ని కుదించి 'రావ్' అంటారు. పాత ఫొటోల్లో, ఇంజన్ల మీద కొట్టిన తేదీల పక్కన కనిపించే మూడక్షరాల గుర్తు అదే. షెడ్డుకీ రావ్‌కీ తేడా మన రైల్వేలో లోకో షెడ్డుకీ లాలాగూడ లాంటి వర్క్‌షాపుకీ ఉన్న తేడాయే. షెడ్డులో కడుగుతారు, నూనె పోస్తారు, చిన్న రిపేర్లు చేస్తారు. ఇంజనుని ముక్కలుగా విప్పి మళ్ళీ కట్టేది వర్క్‌షాపులోనే.

1920ల్లో వచ్చిన ఒక మార్పు తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. అంతకుముందు ప్రతి ఇంజనుకీ దాని భాగాల్నే ఆకురాయితో రుద్ది, దానికే సరిపోయేలా చేసి పెట్టేవాళ్ళు. ఒకదాని బేరింగు ఇంకోదానికి పట్టేది కాదు. రైక్స్‌బాన్ కొలతలకి హద్దులు పెట్టి, గేజీలతో తనిఖీ చేసి, భాగాలు మార్చుకునే పద్ధతి తెచ్చింది. అప్పుడు తెలిసిందేమిటంటే, చక్రాలూ చట్రమూ కొన్ని వారాల్లో తయారైపోతున్నా బాయిలర్ కోసం ఇంజను నెలల తరబడి షాపులో కూర్చుంటోందని. దానికి విరుగుడుగా ప్రతి తరగతికీ కొన్ని బాయిలర్లు అదనంగా ఉంచడం మొదలుపెట్టారు. ఇంజను రాగానే దాని బాయిలర్ దించి పక్కన పెట్టి, అప్పటికే బాగుచేసి ఉన్న ఇంకో బాయిలర్ ఎక్కించి పంపేస్తారు. దించినది తీరిగ్గా బాగై ఇంకెవరికో ఎక్కుతుంది. కాబట్టి జర్మన్ ఇంజనుకి నంబరు చట్రానిది. బాయిలర్‌కి వేరే నంబరు, వేరే పుట్టినతేదీ, వేరే చరిత్ర. మ్యూజియంలో 1930ల నాటిదని బోర్డు పెట్టిన ఇంజను మీద 1960ల బాయిలర్ ఉండటం మోసం కాదు, మామూలు.

ఇప్పుడు అసలు కష్టం. 1930ల్లో తక్కువ బరువుతో ఎక్కువ శక్తి కావాలని 20 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఇరవై రెట్లు) ఒత్తిడితో పనిచేసే ఇంజన్లు గీశారు. 41, 45 తరగతులు అలా వచ్చినవే. మామూలు బాయిలర్ ఉక్కుతో 20 బార్‌కి రేకు మందం చేస్తే బరువు పెరుగుతుంది. అందుకని ఎస్‌టి 47 కె అనే గట్టి ఉక్కు వాడారు. పేరులో 47 అంటే చదరపు మిల్లీమీటరుకి 47 కిలోల లాగుడు తట్టుకోవాలని. కొత్తలో తట్టుకుంది. కొన్నేళ్ళు వేడెక్కుతూ చల్లారుతూ ఉండేసరికి ఆ ఉక్కు ముసలిదయింది. అంటే బలం తగ్గడం కంటే, సాగే గుణం పోయింది. సాగే ఉక్కు పగిలేముందు ఉబ్బి, కారి, హెచ్చరిస్తుంది. సాగని ఉక్కు గాజులా ఒక్కసారే పోతుంది. పగుళ్ళకి వెల్డింగు వేస్తే ఆ వేడికి పక్కనే కొత్త పగులు పుట్టేది. యుద్ధకాలంలోనే ఒత్తిడిని 16 బార్‌కి తగ్గించారు, అదీ కొంత ఊరటే తప్ప మందు కాదు. 03.10 తరగతి బాయిలర్లూ, 50 తరగతి తొలి ఇంజన్ల బాయిలర్లూ ఇదే ఉక్కువి. 1958 అక్టోబరు 10న బెర్లిన్‌కి దక్షిణాన వున్స్‌డోర్ఫ్ దగ్గర 03.10 తరగతి ఇంజను 03 1046 బాయిలర్ నడుస్తూండగా పేలింది. అప్పటికే మొదలైన బాయిలర్ మార్పిడి కార్యక్రమం ఆ రోజుతో తప్పనిసరి అయింది.

ఈ మధ్యలో దేశం రెండైంది. 1945 ఏప్రిల్‌లో మైనింగెన్‌లోకి అమెరికా సైన్యం వచ్చింది, జులైలో తురింగియా మొత్తం సోవియట్ చేతికి వెళ్ళింది. పశ్చిమ సరిహద్దు ఊరికి బాగా దగ్గర. ష్వైన్‌ఫుర్ట్ వైపు వెళ్ళే లైను తెగిపోయి 1991 దాకా కలవలేదు. తూర్పు జర్మనీ రైల్వే మాత్రం రైక్స్‌బాన్ అన్న పాత పేరే ఉంచుకుంది. పశ్చిమ బెర్లిన్‌లో రైళ్ళు నడిపే హక్కు ఆ పేరుతోనే ముడిపడి ఉంది మరి. వర్క్‌షాపుకి 'హెల్ముట్ షోల్జ్' పేరు చేర్చారు. పశ్చిమాన రూర్ ప్రాంతంలో మంచి నల్లబొగ్గు ఉంటే, తూర్పుకి మిగిలింది లిగ్నైట్, మన నైవేలీలో దొరికే రకం. దాన్ని ఇటుకల్లా నొక్కి వాడినా, నల్లబొగ్గుతో పోలిస్తే కిలోకి వచ్చే వేడి చాలా తక్కువ. అదే శక్తికి ఎక్కువ బొగ్గు పొయ్యాలి, నిప్పురవ్వలు ఎక్కువ లేస్తాయి, బాయిలర్ లోపల వేడి పొగ పోయే ట్యూబులు త్వరగా అరుగుతాయి. డీజిల్ ఇంజన్లు సరిపడా లేవు, కరెంటు లైన్లు నెమ్మదిగా పడుతున్నాయి. ఆవిరిని వదిలే స్తోమత వాళ్ళకి లేదు. పశ్చిమం 1977 అక్టోబరులో ఆవిరికి సెలవు చెప్పేస్తే, తూర్పులో ప్రామాణిక గేజి మీద అది 1988 దాకా నడిచింది. ఆ పదకొండేళ్ళ తేడాయే మైనింగెన్‌ చేతిలో పని మిగిల్చింది.

బాయిలర్ మార్పిడి కార్యక్రమాన్ని వాళ్ళు 'రెకో' అన్నారు, రీకన్‌స్ట్రక్షన్‌కి కుదింపు. పని వర్క్‌షాపుల మధ్య పంచారు: 50 తరగతివి 208 ఇంజన్లు స్టెండాల్‌లో, 58 తరగతివి 56 స్వికావులో. పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు మైనింగెన్‌ వంతు. 1958 నుంచి 1962 వరకు 39 తరగతి (పాత ప్రష్యా పి 10) ఇంజన్లు 85 తీసుకుని 22 తరగతిగా మార్చారు. పి 10కి పాత రోగం ఒకటుంది. దాని ఫైర్‌బాక్స్, అంటే బొగ్గు కాలే పొయ్యి, పైభాగం చదునుగా, పక్కలు వాలుగా ఉండి, దాని లోపలి, బయటి గోడల్ని కలిపి పట్టి ఉంచే కడ్డీలైన స్టేబోల్టులు (స్టేలు) వంకరగా లాగుడు పడి తరచూ విరిగేవి. దాని స్థానంలో 39ఇ అనే కొత్త బాయిలర్ పెట్టారు. అందులో మూడు సంగతులు గమనించాలి. రేకుల అతుకులన్నీ రివెట్లు లేకుండా వెల్డింగువి. ఫైర్‌బాక్స్ ముందు భాగాన్ని బారెల్ (బాయిలర్‌లో గుండ్రటి గొట్టంలాంటి భాగం) లోపలికి పొడిగించి దహనగది చేశారు, లిగ్నైట్ మంట పొడవుగా సాగుతుంది కాబట్టి ట్యూబుల్లో దూరకముందే కాలడానికి దానికి చోటు దొరికింది. ఇక పొగగొట్టానికి పోయే వాడిన ఆవిరిలో కొంత తీసుకుని బాయిలర్‌లోకి పంపే నీటిలో నేరుగా కలిపి వేడిచేసే ప్రీహీటరు. చల్లటి నీరు వేడి రేకు మీద పడటం తగ్గితే పగుళ్ళూ తగ్గుతాయి. బాయిలర్ పొడవు మారింది కాబట్టి చట్రం వెనక భాగమూ కొత్తదే చేయాల్సి వచ్చింది.

03.10 ఇంజన్లలో మిగిలినవాటికీ ఇదే 39ఇ ఎక్కింది. 1962 నుంచి 1965 మధ్య 01 తరగతి ఇంజన్లు 35 తీసుకుని 01.5గా కట్టారు. బయటి రూపం కూడా అంతగా మారిపోయింది, పాత 01 ఫొటో పక్కన పెట్టి చూస్తే చుట్టరికం వెతుక్కోవాలి. కొన్నిటికి పుల్లల చక్రాల బదులు బోలు డబ్బాలాంటి బాక్స్‌పోక్ చక్రాలు వేశారు. పోత సరిగా కుదరక పగుళ్ళొచ్చి మళ్ళీ పుల్లల చక్రాలకే వెళ్ళారు. కొత్తది కదా అని అన్నీ మంచివనుకోకూడదు. రెకోలో బాగా నిలిచింది బాయిలరే. దానికి రుజువు ఒకటుంది. 1960ల చివర్లో 22 తరగతి ఇంజన్లు పక్కకి పోతున్నప్పుడు వాటి బాయిలర్లకి ఇంకా బోలెడు ఆయుష్షు ఉంది. 1969 నుంచి 1975 వరకు వాటిని 03 తరగతి ఇంజన్లు 52కి ఎక్కించారు. అంటే ఒకే బాయిలర్ ముందు పి 10 చట్రం మీద, తర్వాత 03 చట్రం మీద నడిచింది. పైన చెప్పిన మార్పిడి పద్ధతి తరగతుల హద్దు దాటిందన్నమాట.

అక్కడ తయారైన వాటిలో అందరికీ తెలిసినది 18 201. హాలేలోని ఇంజన్ల పరీక్షా సంస్థకి, మాక్స్ బౌంబెర్గ్ నాయకత్వంలో, ఎగుమతికి చేసే బోగీల్ని ఎక్కువ వేగంతో పరీక్షించడానికి ఒక ఇంజను కావాల్సి వచ్చింది. కొత్తది కొనే డబ్బు లేదు. 1939లో హెన్షెల్ కంపెనీ కట్టిన 61 002 అనే, టెండర్ (బొగ్గూ నీళ్ళూ మోసే వెనక బండి) లేని ఇంజను ఒకటి వృథాగా పడి ఉంది. దాని నుంచి 2,300 మిల్లీమీటర్ల పెద్ద చక్రాలూ చట్రం ముందు భాగమూ, ఇంకో ప్రయోగ ఇంజను 45 024 నుంచి వెనక చట్రమూ బయటి సిలిండర్లూ, రెకో నుంచి 39ఇ బాయిలరూ తీసుకుని 1960-61లో మైనింగెన్‌లో ఒక్కటిగా చేశారు. అతుకుల బొంతలా వినిపిస్తుంది కానీ 1972 అక్టోబరులో గంటకి 182.4 కిలోమీటర్లు పోయింది. పెద్ద చక్రం ఎందుకో లెక్క చూడండి: ఆ వేగంలో 2,300 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 420 సార్లు తిరుగుతుంది. అదే 2,000 మిల్లీమీటర్లదైతే 480 పైన తిరగాలి. అటూ ఇటూ కొట్టుకునే పిస్టన్లూ రాడ్లూ కలిగించే కుదుపు తిరుగుడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ అరవై తక్కువేమీ కాదు.

రెకో బాయిలర్లు కూడా పేలాయి కదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు. 1977 నవంబరు 27న బిట్టర్‌ఫెల్డ్ స్టేషన్‌లో 01 1516 పేలి తొమ్మిది మంది పోయారు. ఆ నంబరు మైనింగెన్ రెకో ఇంజనుదే. అయితే వున్స్‌డోర్ఫ్‌తో దీన్ని కలపకూడదు. అక్కడ ఉక్కు తప్పు, ఇక్కడ నీళ్ళు లేకపోవడం. ఫైర్‌బాక్స్ పైకప్పు మీద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. ఆ నీరే రేకుని రెండొందల డిగ్రీల ప్రాంతంలో ఉంచుతుంది. నీరు దిగిపోతే కింద మంట ఉంది కాబట్టి రేకు నిమిషాల్లో ఎర్రబడుతుంది. ఆరువందల డిగ్రీల దగ్గర ఉక్కుకి సగం బలం కూడా ఉండదు. బ్రేకు వేసినప్పుడు మిగిలిన కాస్త నీరూ ముందుకి పోతుంది, పొయ్యి ఉండేది వెనక. రేకు స్టేల మీంచి ఊడిపోతే ఒత్తిడి ఒక్కసారి పడిపోయి, లోపలున్న టన్నుల కొద్దీ మరిగే నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరౌతుంది. నీరు ఆవిరైతే మామూలు గాలి ఒత్తిడిలో పదహారు వందల రెట్లకి పైగా వ్యాపిస్తుంది. బాయిలర్ చట్రం నుంచి ఊడి ఎగిరిపోయేది అందుకే. బిట్టర్‌ఫెల్డ్‌లో అదే జరిగింది.

1980ల మొదట్లో సోవియట్ నూనె సరఫరా తగ్గడంతో తూర్పు జర్మనీ నూనెతో నడిచే ఆవిరి ఇంజన్లని ఆపి బొగ్గు ఇంజన్లని మళ్ళీ వెలిగించింది. ఫ్యాక్టరీ సైడింగుల్లో డీజిల్ పొదుపు చేయాలన్న ఆలోచనలోంచి మైనింగెన్‌కి ఇంకో పని వచ్చింది, పొయ్యి లేని ఇంజన్లు. 1980ల్లో అక్కడ మూడు ఇరుసుల ఆవిరి నిల్వ ఇంజన్లు 202 కట్టారు. పనిచేసే తీరు ప్రెషర్ కుక్కరుని గుర్తు చేస్తుంది. పెద్ద డ్రమ్ములో చాలావరకు వేడి నీళ్ళుంటాయి, ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి గొట్టం తగిలించి అందులోకి ఆవిరి ఎక్కిస్తారు. ఉదాహరణకి పది టన్నుల నీరు 16 బార్ దగ్గర సుమారు 200 డిగ్రీలుంటుంది. వాడుతూ 3 బార్‌కి దించితే 134 డిగ్రీలకొస్తుంది. ఆ తేడా వేడితో దాదాపు 1.3 నుంచి 1.4 టన్నుల నీరు ఆవిరై సిలిండర్లకి అందుతుంది. ఒత్తిడి తగ్గుతూ పోయినా లాగాలి కాబట్టి సిలిండర్లు లావుగా ఉంటాయి, వాటిని క్యాబు కిందే పెట్టారు. నిప్పు లేదు కాబట్టి పేలుడు పదార్థాల, కాగితపు ఫ్యాక్టరీల్లో భయం లేకుండా తిరుగుతాయి. చూడటానికి బొమ్మ ఇంజనులా ఉన్నా, ఒక వర్క్‌షాపు 1980ల్లో 202 కొత్త ఒత్తిడి పాత్రలు వెల్డింగు చేసిందంటే అర్థం ఏమిటి? వెల్డర్లకి చేయి అలవాటు తప్పలేదు, పరీక్షించే సామాను తుప్పు పట్టలేదు, ధ్రువపత్రాలు చెల్లుతూనే ఉన్నాయి. నా అంచనాలో మైనింగెన్ మిగలడానికి 18 201 కంటే ఈ పేరులేని ఇంజన్లే పెద్ద కారణం.

1990లో దేశం కలిశాక పశ్చిమంలోని మ్యూజియం సంఘాలకి ఇంజన్లున్నాయి, బాయిలర్ బాగుచేసే రైల్వే వర్క్‌షాపు లేదు. 1970ల్లోనే వాళ్ళ ఆవిరి షాపులు మూతపడ్డాయి. తూర్పులో ఇరుకు గేజి లైన్లు ఆవిరితోనే నడుస్తున్నాయి: హార్జ్ కొండలు, బాల్టిక్ తీరంలో మోల్లి, రూగెన్ ద్వీపం, జిట్టావు. ఇవి ఏడాదికోసారి ఊరేగించే బళ్ళు కావు, రోజూ టైంటేబుల్ ప్రకారం నడిచేవి. వాటి బాయిలర్లు తప్పకుండా గడువుకి వస్తాయి. 1994లో రెండు రైల్వేలు కలిసి డాయిచె బాన్ కంపెనీ అయినప్పుడు మైనింగెన్ దాని కింద 'డాంప్‌లోక్‌వెర్క్', అంటే ఆవిరి ఇంజన్ల వర్క్‌షాపు అన్న పేరుతో కొనసాగింది. ఆవిరి ఒక్కదానితోనే జీతాలు వెళ్ళవు. మంచు నెట్టే బళ్ళు, మంచు చిమ్మే రోటరీ యంత్రాలు కూడా అక్కడికే మరమ్మతుకి వస్తాయి. పాత టెండర్ల చట్రాల మీద మంచు నాగళ్ళు కట్టినదీ వాళ్ళే.

ఇక ఓవరాలింగు. తూర్పు రైక్స్‌బాన్ మాటల్లో అనుకోకుండా వచ్చిన మరమ్మతు ఎల్0, అన్నిటికంటే పెద్దది ఎల్7. పెద్దదానిలో మొదటి వారమంతా విప్పడమే. పాత ఇంజన్లలో బాయిలర్ చుట్టూ ఆస్బెస్టాస్ చుట్టి ఉండేది, ఇప్పుడు దాన్ని విడిగా, రక్షణ దుస్తులతో తీసి ఖనిజ ఊలు చుడతారు. మసి పట్టిన రాడ్లూ స్ప్రింగులూ కాస్టిక్ సోడా తొట్టిలో ఉడికిస్తారు. బాయిలర్‌ని చట్రానికి ముందు వైపు, స్మోక్‌బాక్స్ (పొగ చేరే పెట్టె) దగ్గర మాత్రమే గట్టిగా బిగిస్తారు. వెనక ఫైర్‌బాక్స్ కింద జారే ఆధారాలుంటాయి. పది మీటర్ల బాయిలర్ వేడెక్కితే ఇరవై మిల్లీమీటర్లకి పైగా పొడుగౌతుంది. ఆ జారుడు పలకలు తుప్పుతో బిగుసుకుపోతే ఆ పొడుగు ఎక్కడికీ పోలేక చట్రాన్ని వంచుతుంది, లేదా స్మోక్‌బాక్స్ బోల్టులు తెంపుతుంది. విప్పేటప్పుడే ఆ పలకల మీద అరుగుడు గుర్తులు చూస్తే ఇంజను ఎలా బతికిందో తెలిసిపోతుంది.

దించిన బాయిలర్ నుంచి ట్యూబులన్నీ కోసి లాగేస్తారు. అవి తీస్తేనే లోపలికి మనిషి దూరి చూడగలడు. నీటి వైపు సున్నపు పొర మందం, రంగు, ఎక్కడెక్కడ పేరుకుందో ముందు చూసి, తర్వాతే ఇసుక కొట్టి శుభ్రం చేయాలి. తొందరపడి ముందే కొట్టేస్తే సాక్ష్యం పోతుంది. సున్నం ఉక్కుకంటే పదుల రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. ఒక మిల్లీమీటరు పొర ఉన్నా దాని వెనక రేకు ఉండాల్సినదానికంటే చాలా వేడిగా నడిచిందన్నమాట. ఆ తర్వాత అల్ట్రాసౌండ్‌తో గళ్ళు గీసి రేకు మందం కొలుస్తారు. ఎక్కువ తినేసే చోట్లు ఎప్పుడూ అవే: ఫైర్‌బాక్స్ కింది అంచున బురద చేరే మూలలు, బారెల్ అడుగు, కడిగే రంధ్రాల చుట్టూ. సన్నబడిన చోట పైన వెల్డింగుతో మెత్తడం కొంతవరకే, అది దాటితే ఆ భాగం కోసి కొత్త రేకు అతకాలి.

స్టేబోల్టుల పని వేరే లోకం. లోపలి పొయ్యికీ బయటి గోడకీ మధ్య నీరుంటుంది, రెండు గోడల్నీ పట్టి ఉంచేవి ఇవే. స్టేల మధ్య దూరం తొమ్మిది సెంటీమీటర్లు అనుకుంటే, 16 బార్ దగ్గర ఒక్కోదాని మీద దాదాపు 1.3 టన్నుల లాగుడు. ఒత్తిడి ఒక్కటే అయితే ఎన్నాళ్ళయినా ఉండేవి. లోపలి గోడ బయటిదానికంటే ఎక్కువ సాగుతుంది కాబట్టి నిప్పు వేసినప్పుడల్లా స్టే కొద్దిగా వంగుతుంది, అలా వంగీ వంగీ బయటి గోడ దగ్గర విరుగుతుంది. అందుకే స్టే మధ్యలో సన్నటి రంధ్రం వేస్తారు. విరిగితే ఆ రంధ్రంలోంచి నీరు కారి చెప్పేస్తుంది. కారడం ఇబ్బందిగా ఉందని ఆ రంధ్రానికి మేకు కొట్టి మూసేసిన బాయిలర్లు అన్ని దేశాల్లోనూ దొరుకుతాయి, అంతకంటే పెద్ద పాపం లేదు. పక్కపక్కన రెండు మూడు విరిగితే వాటి బరువు చుట్టూ ఉన్నవాటి మీద పడి వరస కదులుతుంది. సుత్తితో కొట్టి శబ్దం వినడం ఇప్పటికీ మానలేదు, అయితే దాని మీదే ఆధారపడరు.

కొత్త ట్యూబులు ఎక్కించేటప్పుడు జరిగే తప్పు అతిగా బిగించడం. ఎక్స్‌పాండర్ రోలర్లతో ట్యూబు చివర సాగదీసి, ట్యూబులు దూరే రంధ్రాల ప్లేటుకి అదిమితే చాలు. ఇంకా తిప్పితే ట్యూబు పలచబడుతుంది, ప్లేటులో రంధ్రం కోలగా సాగుతుంది, పక్క రంధ్రంతో మధ్యనున్న ఉక్కు చిట్లుతుంది. పొయ్యి వైపు చివరలకి పలచగా వెల్డింగు కూడా వేస్తారు. అన్నీ అయ్యాక నీటి పరీక్ష: 16 బార్ బాయిలర్‌ని నీటితో నింపి సుమారు 21 బార్‌కి ఎక్కిస్తారు. నీరు కుదించుకోదు కాబట్టి ఎక్కడైనా పగిలినా పిచికారీ తప్ప పేలుడు ఉండదు. నింపేటప్పుడు పైన గాలి మిగలకుండా చూసుకోవడం అందుకే ముఖ్యం. దాని తర్వాతే నిప్పు వేసి ఆవిరి పరీక్ష, సేఫ్టీ వాల్వుల సర్దుబాటు. ఇన్‌స్పెక్టరు సంతకం రెండిటికీ కావాలి.

చట్రం వైపు పని చూడ్డానికి తక్కువ, ఫలితం ఎక్కువ. సిలిండరు మధ్యగీతకీ నడిచే ఇరుసుకీ లంబం కుదరకపోతే, ఇరుసు పెట్టె దవడలు సమాంతరం తప్పితే, ఎంత మంచి బేరింగు వేసినా వేడెక్కుతుంది. బేరింగులకి తెల్లలోహం పోసి, నీలిరంగు పూసి ఇరుసు మీద తిప్పి, అంటుకున్న చోట గీకుతారు. కొత్త కుర్రాళ్ళు ఎక్కువ గీకేస్తారు, తీసిన లోహం మళ్ళీ రాదు. చక్రాల టైర్లు మన ఊళ్ళో బండిచక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టే. టైరు లోపలి వ్యాసాన్ని మీటరుకి మిల్లీమీటరు పైచిలుకు తక్కువగా తరిమెన పట్టి, గ్యాసు మంటల వలయంతో వేడిచేసి సాగాక చక్రాన్ని అందులోకి దించి చల్లారనిస్తారు. బిగువు తక్కువైతే బ్రేకు వేడికి టైరు వదులై జారుతుంది. దాన్ని పట్టడానికే చక్రానికీ టైరుకీ అడ్డంగా రంగు గీత వేసి ఉంచుతారు, గీత విడిపోతే జారిందని. రెండు సిలిండర్ల ఇంజనుకి క్రాంకుల మధ్య 90 డిగ్రీలు, మూడు సిలిండర్లదానికి 120 డిగ్రీల ప్రాంతం. ఇరుసుకి చక్రాన్ని ప్రెస్సుతో ఎక్కించేటప్పుడే ఇది కుదరాలి, తర్వాత సర్దడానికి వీలు లేదు.

ఇదంతా తెలిసిన చోటు కాబట్టే బయటి పనులు వచ్చాయి. ఇంగ్లండులో కొత్తగా కట్టిన 60163 టొర్నాడో ఇంజను బాయిలర్ మైనింగెన్‌లో తయారై 2006లో డార్లింగ్‌టన్ చేరింది. అసలు నమూనా రివెట్లతో, రాగి ఫైర్‌బాక్స్‌తో ఉండేది. ఇది మొత్తం వెల్డింగు, ఫైర్‌బాక్స్ ఉక్కుది, ఒత్తిడి 250 పౌండ్లు, అంటే 17 బార్ పైచిలుకు. రాగి మెత్తనిది, వేడికి సాగి సర్దుకుంటుంది. ఉక్కు బిర్రుగా ఉండి ఆ కదలికనంతా స్టేల మీదకి తోస్తుంది. టొర్నాడో బాయిలర్‌కీ స్టేల సమస్య వచ్చి 2011లో మరమ్మతుకి మళ్ళీ మైనింగెన్ రావాల్సి వచ్చింది. ఇంగ్లిషు కొలతల ఆకారంలో జర్మన్ పద్ధతి ఇమిడ్చితే వచ్చే చిక్కు ఇది. 2005 అక్టోబరు 17న నూరెంబర్గ్ మ్యూజియం షెడ్డు తగలబడినప్పుడు కాలిపోయిన ఆడ్లర్, జర్మనీలో మామూలు సర్వీసులో నడిచిన మొదటి రైలింజనుకి 1935లో చేసిన నమూనా, ఇక్కడే 2007లో మళ్ళీ రూపు దిద్దుకుంది. మోల్లి లైనుకి 99 2324 అనే ఇంజనుని 2009లో సరికొత్తగా కట్టి ఇచ్చారు. అది అలంకారానికి కాదు, రోజూ పర్యాటకుల్ని బాట్ డోబెరాన్ వీధుల్లోంచి మోసుకెళ్ళే ఇంజను.

చూడటానికి వెళ్ళేవాళ్ళకి: సెప్టెంబరు మొదటి వారాంతంలో 'డాంప్‌లోక్‌టాగె' పేరుతో షాపులు జనానికి తెరవడం ఆనవాయితీ, టికెట్టు కొనేముందు ఆ ఏటి తేదీ వాళ్ళ దగ్గరే చూసుకోండి. ఐసెనాక్ నుంచి వెర్రా లైను రైలు నేరుగా వస్తుంది. లోపల ఇంజను నంబరు పలకతో ఆగిపోకండి. బాయిలర్ మీద బిగించిన తయారీ పలక వేరేగా ఉంటుంది, దాని మీద సంవత్సరమూ ఒత్తిడీ చదవండి. చట్రం చివర, బఫర్ల దగ్గర తెల్లరంగుతో రాసిన తేదీలు చివరి తనిఖీవి. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే ఇంజను నకిలీదని కాదు, బాయిలర్ షాపు తన పని తాను చేసిందని.